ప్రేగుకు అడ్డుపడే పిత్తాశయపు రాయి

పిత్తాశయంలో రాళ్లున్నా ఏ బాధా లేకుండా కాలం గడిపేవారు అనేకులు. అయితే ఏళ్ల తరబడి అణగివున్న పెద్ద రాయి ఒక్కొక్కప్పుడు ప్రేగులో అడ్డుపడి ప్రాణాపాయం కలిగిస్తుంది. అరుదైన ఈ వ్యాధి ఎక్కువగా వృద్ధులలో, అందునా స్త్రీలలో కనబడుతుంది.

రాయి ప్రేగులోకి ఎట్లా చేరుతుంది?

పిత్తాశయం పదేపదే వాచినప్పుడు దాని గోడ పక్కనున్న చిన్నప్రేగు మొదటి భాగానికి అంటుకుపోతుంది. రాయి ఒత్తిడికి రెండు గోడలూ శిథిలమై రంధ్రం ఏర్పడి, రాయి ప్రేగులోకి జారుతుంది. చిన్నరాళ్లు మలంతో వెలుపలికి పోతాయి. సుమారు 2.5 సెంటీమీటర్లు మించినవి చిన్నప్రేగు చివరనున్న ఇరుకు భాగంలో చిక్కుకుంటాయి.

లక్షణాలు

కడుపునొప్పి, ఉబ్బరం, వాంతులు, మలమూ అపానవాయువూ వెలువడకపోవడం ముఖ్య లక్షణాలు. రాయి ఒకచోట ఆగి, మరల కదలి, వేరొకచోట ఆగుతుంది. అందువల్ల నొప్పి వచ్చి తగ్గుతుంది. తగ్గినదని ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. విలువైన కాలం ఇక్కడే వృథా అవుతుంది.

రోగ నిర్ధారణ

ఉబ్బిన ప్రేగు, పిత్తనాళాలలో గాలి, ఉండరాని చోట రాయి: ఎక్స్‌రేలో కనబడే ఈ గుర్తులను 1941లో రిగ్లర్ బృందం వివరించింది. ఇవన్నీ ఎక్స్‌రేలో ఎల్లప్పుడూ కనబడవు. నేడు సి.టి. స్కాన్ వీటిని స్పష్టంగా చూపుతుంది.

శస్త్రచికిత్స

ముందుగా సెలైన్ ఎక్కించి, ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీసివేస్తారు. తరువాత ఉదరాన్ని తెరచి, ప్రేగును నిలువుగా కోసి, రాయిని తీసి కుట్టివేస్తారు. మరో రాయి ఉన్నదేమోనని ప్రేగంతా తడిమి చూస్తారు. రోగి బలహీనుడైతే పిత్తాశయం జోలికి అప్పుడే పోరు. దేహదారుఢ్యం ఉన్నవారికి దానిని తొలగించి, రంధ్రాన్ని కూడా అదే సమయంలో మూయవచ్చును.

సుశ్రుతుని మాట

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో బద్ధగుదోదరానికి శస్త్రచికిత్సయే చెప్పబడింది. నాభికి దిగువన ఎడమవైపు కోసి, ప్రేగులను పరీక్షించి, అడ్డుపడిన రాయిని గాని, వెంట్రుకలను గాని, మలాన్ని గాని తొలగించి, తేనె, నెయ్యి పూసి, యథాస్థానంలో ఉంచి కుట్టవలెనని అందులో ఉన్నది. ఆ రాయి పిత్తాశయానిదని అక్కడ చెప్పలేదు. అయినా ఇటువంటి అడ్డంకికి శస్త్రమే శరణ్యమన్న వివేకం మన శాస్త్రంలోనే ఉన్నది.

గృహిణులకు హెచ్చరిక

మలబద్ధకమని భ్రమించి ఇటువంటి రోగికి ఆముదం, త్రిఫల చూర్ణం, సునాముఖి వంటి విరేచనకారులు ఇవ్వరాదు. మూసుకున్న ప్రేగుపై ఒత్తిడి పెరిగి అది చిట్లే ప్రమాదమున్నది. కషాయాలూ, ఆహారమూ కూడా వద్దు. వాంతులతో పాటు కడుపుబ్బరం, అపానవాయువు బంధించడం కనబడితే, నొప్పి తగ్గినా సరే, వెంటనే శస్త్రచికిత్సా సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకుపోవలెను. పిత్తాశయంలో రాళ్లున్న సంగతిని వైద్యునికి తప్పక తెలుపవలెను.