యాభై దాటాక చక్రాల బూట్లు: మీకు తెలుసా?

బోయిగూడ రోడ్డు మీద స్కేటింగ్ నేర్చుకుందామనుకునే వాళ్లకు ముందే చెప్పేస్తున్నా, కుదరదు. సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు ఆటోల గోల, టింబర్ డిపోల ముందు దుంగలు దించే లారీలు, గాలికి లేచి రోడ్డెక్కే రంపపు పొట్టు. స్కేట్ చక్రానికి ఇసుకా పడదు, పొట్టూ పడదు. అయితే కవాడిగూడ మీదుగా మూడు, మూడున్నర కిలోమీటర్లు పోతే ఇందిరా పార్కు వస్తుంది. అందులో స్కేటింగ్ రింకు ఉంది. పిల్లల్ని దింపి పక్కన కూర్చునే అమ్మానాన్నలు, తాతయ్యలు, నానమ్మలు అక్కడ ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో కొందరి చూపు మనవడి మీద కంటే మనవడి కాళ్లకున్న చక్రాల మీదే ఉంటుంది. ఈ ముచ్చట్లు వాళ్ల కోసం.

చరిత్రకెక్కిన మొదటి స్కేటర్‌కి ఆగడం రాదని తెలుసా?

పేరు జాన్ జోసెఫ్ మెర్లిన్. 1735లో ఇప్పటి బెల్జియంలోని వీ అనే ఊళ్లో పుట్టి, 1760లో లండన్ చేరాడు. గడియారాలు, సంగీత వాద్యాలు, మరబొమ్మలు చేయడంలో మొనగాడు. బూట్లకు చక్రాలు బిగించుకుని, సోహోలోని కార్లైల్ హౌస్‌లో జరిగిన వేషాల విందుకు వయొలిన్ వాయించుకుంటూ దొర్లుకుంటూ వచ్చాడట. వేగం తగ్గించే ఉపాయం లేదు, పక్కకు తిరిగే ఉపాయమూ లేదు. తిన్నగా పోయి అయిదు వందల పౌండ్ల పైచిలుకు ఖరీదైన నిలువుటద్దాన్ని గుద్దాడు. అద్దం పగిలింది, వయొలిన్ విరిగింది, ఆయనకూ గట్టి దెబ్బలే తగిలాయి. ఈ కథ అచ్చయింది ఆయన పోయాకే. కాబట్టి కాస్త ఉప్పూకారం పడే ఉంటుంది. అయినా నేర్చుకునేవాళ్లు చెవిన వేసుకోవాల్సిన కథే.

ఒకే వరసలో చక్రాలున్న స్కేటే ముందు పుట్టింది

నాలుగు మూలల నాలుగు చక్రాలుండే ‘క్వాడ్స్’ పాతకాలం నాటివి, ఒకే వరసలో ఉండే ‘ఇన్‌లైన్స్’ కొత్తవి అని చాలామంది అనుకుంటారు. జరిగింది తిరగేసి. పారిస్‌లో పెటిబ్లె అనే ఆయన 1819లో పేటెంటు తీసుకున్నది వరస చక్రాల స్కేటుకే. 1823లో లండన్‌లో రాబర్ట్ జాన్ టయర్స్ అయిదు చక్రాలు వరసగా పెట్టి దానికి ‘రోలిటో’ అని పేరు పెట్టాడు. వీటితో ముందుకు పోవచ్చు, మలుపు తిరగడమే గండం. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ చక్రాలను రెండు జతలు చేసి, ఇరుసుల దగ్గర రబ్బరు దిమ్మలు పెట్టాడు. ఒంటిని ఎటు వాల్చితే స్కేటు అటు తిరుగుతుంది. దాంతో వరస చక్రాలు నూరేళ్లకు పైగా మూలన పడ్డాయి.

వాటిని మళ్లీ బయటికి తీసింది 1980 ప్రాంతంలో అమెరికాలోని మినియాపోలిస్‌లో స్కాట్ ఆల్సన్, బ్రెనన్ ఆల్సన్ అనే అన్నదమ్ములు. ఐస్ హాకీ ఆడే కుర్రాళ్లు, ఎండాకాలంలో మంచు ఉండదు, సాధన ఆగకూడదు. అలా మొదలైనదే రోలర్‌బ్లేడ్ కంపెనీ.

మనలాంటి వాళ్లకు అసలు ముఖ్యమైన కాలం 1990ల మొదటి సగం. కాలి వేళ్లు పైకెత్తక్కర్లేకుండా, పాదాన్ని కాస్త ముందుకు జరిపితే చాలు, మడమ దగ్గరి రబ్బరు నేలకు తగిలే బ్రేకును రోలర్‌బ్లేడ్ అప్పుడే తెచ్చింది. ఇప్పుడు మామూలుగా దొరికే స్కేట్లలో ఉండేది సాదా హీల్ బ్రేకే, అదీ సాధారణంగా కుడి కాలికి. బ్రేకున్న కాలు ముందుకు చాపి, మోకాళ్లు వంచి, ఆ కాలి ముని వేళ్లు ఎత్తి మడమ మీద బరువు వేయాలి. చెబితే ఇంతే. చేసేటప్పుడు ఒళ్లు తనంతట తనే వెనక్కి వాలుతుంది, వాలితే పడతారు. పిల్లలు వారంలో పక్కన పడేసే ఈ రబ్బరు ముక్కను పెద్దవాళ్లు ఎప్పటికీ ఊడదీయకపోవడం మంచిది. స్టైలు తగ్గితే తగ్గనివ్వండి.

ఎక్స్‌రే పుట్టకముందే మన మణికట్టు సంగతి రాసిపెట్టిన డాక్టరున్నాడు

1814లో డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్, అరచేయి ఆనించి పడితే మణికట్టుకు కాస్త పైన ఎముక ఎలా విరుగుతుందో వివరంగా రాశాడు. ఎక్స్‌రే వచ్చింది 1895లో. అంటే చేత్తో తడిమి చూసి చెప్పిన మాట అది. ఈ రోజుకీ దాని పేరు కాలిస్ ఫ్రాక్చరే. బోయిగూడ పక్కనున్న గాంధీ ఆసుపత్రి ఎముకల విభాగంలోనైనా, ఇంకెక్కడైనా అదే పేరు. ముట్లాగిపోయాక ఎముక బలం తగ్గే ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. స్కేట్లతో పనేముంది, బాత్రూంలో జారినా ఇదే విరుగుతుంది.

ఇన్‌లైన్ స్కేటింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది కూడా మణికట్టే. 1996లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. దెబ్బ తగిలి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 161 మంది స్కేటర్లను అడిగి లెక్క తీశారు. మణికట్టు గార్డులు లేనివాళ్లకు అక్కడ దెబ్బ తగిలే ముప్పు పదిరెట్లకు పైగా ఉందని తేలింది. మోచేతి ప్యాడ్లకూ దాదాపు అంతే తేడా. తలకు దెబ్బ తగిలినవాళ్లు తక్కువ కాబట్టి హెల్మెట్ సంగతి ఆ లెక్కలో తేలలేదు. అలాగని ఆ లోటు మీ తలతో భర్తీ చేయక్కర్లేదు.

గార్డు అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, చూశారా? ఎముకను పట్టి ఉంచడం దాని పనిలో సగమే. చేయి నేలకు తగలగానే అక్కడే పాతుకుపోకుండా జర్రున జారిపోవాలి, మిగతా సగం అది. అందుకే మంచి కోచ్ మొదటి క్లాసులో పరుగెత్తించడు, పడేయిస్తాడు. ముందు మోకాలి ప్యాడ్లు, తర్వాత మోచేతులు, ఆఖరున వేళ్లు పైకెత్తి అరచేతులు. గడ్డి మీదో చాప మీదో స్కేట్లు లేకుండానే ఇది చేయొచ్చు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, రానివ్వండి.

లేవడం ఇంకో విద్య. రెండు మోకాళ్ల మీద ఉండి, ఒక పాదం ముందుకు తెచ్చి చక్రాలను నేలకు నిటారుగా ఆనించి, ఆ మోకాలి మీద రెండు చేతులూ వేసి నొక్కుతూ లేవాలి. రెయిలింగు పట్టుకుని లేద్దామంటే కింద కాళ్లు చెరో దిక్కూ పోతాయి. ఇక్కడ మన తరం వాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. కింద కూర్చుని అన్నం తిని, చేతి ఊతం లేకుండా లేచే అలవాటు ఇంకా మిగిలున్నవాళ్లకు సగం పని అయిపోయినట్టే. డైనింగ్ టేబుల్ కొన్న రోజునే అది పోగొట్టుకున్నవాళ్లు ముందు ఇంట్లో చాప పరుచుకోవాలి.

ఒంటికాలి మీద పది సెకన్లు

స్కేటింగ్ అంటే రెండు కాళ్ల పనిలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఒక కాలు మార్చి ఇంకో కాలి మీద నిలబడటమే. చక్రం ముందుకూ వెనక్కూ దొర్లుతుంది, అడ్డంగా దొర్లదు. కాబట్టి నడకలోలా వెనక్కి తన్నితే కాలు వెనక్కి జారిపోతుందే తప్ప మనిషి కదలడు. పాదాలు బాతులా ఎడంగా పెట్టి, ఒక కాలితో పక్కకు నెట్టాలి. ఆ క్షణంలో ఒళ్లంతా మోసేది రెండో కాలు.

బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందిని ఏ ఊతమూ లేకుండా పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడమన్నారు. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. అలా నిలబడలేనివాళ్లు తర్వాతి ఏళ్లలో చనిపోయే ముప్పు, వయసూ జబ్బులూ లెక్కలోకి తీసుకున్నాక కూడా, 84 శాతం ఎక్కువగా కనిపించింది. ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. ఒంట్లో ఏదో సడలుతోందని పాదాలు ముందే చెబుతాయన్నంత వరకే. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు నిలకడనూ బలాన్నీ పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మన పార్కుల్లో పెద్దవాళ్లంతా నడకతో సరిపెడుతున్నారు. నడక మంచిదే, దానితో నిలకడ పెద్దగా పెరగదు.

పళ్లు తోముకునేటప్పుడు వాష్ బేసిన్ ముందు ఒంటికాలి మీద నిలబడి చూడండి. అక్కడ పది సెకన్లు ఆగలేకపోతే స్కేట్ల షాపుకు పోవడం కాస్త వాయిదా వేసుకోవచ్చు. కళ్లు తిరగడం, ఎముకల బలహీనత, మోకాలి చిప్ప మార్పిడి ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాల్సిందే.

అరవైలో మెదడు పెరుగుతుందా?

2008లో జర్మనీ పరిశోధకులు అరవై ఏళ్ల సగటు వయసున్నవాళ్లకు మూడు నెలలపాటు మూడు బంతులు గాల్లో ఎగరేసి పట్టుకోవడం నేర్పారు. స్కాన్ తీస్తే, కదలికలను చూసి పోల్చుకునే మెదడు భాగంలో బూడిదరంగు పదార్థం పెరిగి కనిపించింది. కుర్రవాళ్లంత బాగా వాళ్లకు పట్టుబడలేదు, మానేశాక పెరిగిందీ తగ్గిపోయింది. స్కేట్ల మీద చేసిన పరీక్ష కాదు గానీ, కొత్త విద్య ఒంటికి ఎక్కే వయసు దాటిపోయిందనేవాళ్లకు జవాబుగా పనికొస్తుంది.

చాప్లిన్ కళ్లకు గంతలు

1936లో వచ్చిన ‘మోడరన్ టైమ్స్’లో చార్లీ చాప్లిన్ డిపార్ట్‌మెంట్ స్టోరు పై అంతస్తులో, రెయిలింగు లేని అంచు దాకా పోయి వస్తూ, కళ్లకు గంతలతో స్కేటింగ్ చేస్తాడు. చూసేవాళ్ల గుండె జారుతుంది. ఆ లోయ లాంటి అంచు నిజం కాదు. అద్దం మీద బొమ్మ గీసి కెమెరా ముందు పెట్టారు, కింద మామూలు నేలే. స్కేటింగ్ మాత్రం నిజం. అప్పటికి ఆయనకు నలభై అయిదు దాటింది. ఇరవై ఏడేళ్ల వయసులో ‘ది రింక్’ తీసినవాడు, చేతనైన విద్యను వదల్లేదు.

మన ఊరి పేరు కూడా ఉంది

2010 గ్వాంగ్‌జో ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో హైదరాబాదీ అనూప్ కుమార్ యామ రెండు కాంస్యాలు తెచ్చాడు, ఒకటి ఒంటరిగా, ఇంకొకటి అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు వచ్చింది. 2023లో హాంగ్‌జో ఆసియా క్రీడల్లో మూడు వేల మీటర్ల రిలేలో మన ఆడవాళ్ల జట్టూ, మగవాళ్ల జట్టూ ఒకే రోజు కాంస్యాలు గెలిచాయి. మగవాళ్ల జట్టులోని చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో చైనాలో వెయ్యి మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడు.

ఊరంతా స్కేట్ల మీద

పారిస్‌లో 1990ల నుంచి శుక్రవారం రాత్రుళ్లు వేలమంది గుంపుగా స్కేట్ల మీద వీధులన్నీ తిరుగుతారు. బెర్లిన్ మారథాన్‌లో పరుగెత్తేవాళ్ల కంటే ఒక రోజు ముందు అదే 42 కిలోమీటర్ల దారిలో స్కేటర్లు పోతారు. మనకూ 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బళ్లు ఆపేసి జనానికి వదిలారు. ఆ తోపులాటలో స్కేట్ల మీద దూరడం కంటే పక్కకు నిలబడి మిర్చి బజ్జీ తినడమే క్షేమంగా ఉండేది.

సైజు చెప్పేది బూటు కాదు, పాదం

స్కేట్లు కొనేటప్పుడు రోజూ వేసుకునే చెప్పుల నంబరు చెప్పకండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి పొడవు సెంటీమీటర్లలో కొలవండి. రెండు పాదాల్లో పెద్దదాని కొలతే లెక్క. వయసుతో పాదం వెడల్పవుతుంది కూడా. బూటు కాస్త వదులుగా ఉంటే హాయిగానే ఉంటుంది, కానీ లోపల చీలమండ ఊగుతుంది, అక్కడే బెణుకుతుంది. మోకాళ్లు వంచి నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని వదలాలి, మడమ మాత్రం కదలకూడదు. చక్రాల సైజు 72 నుంచి 80 మిల్లీమీటర్లు చాలు. 110 మిల్లీమీటర్ల చక్రాలు రేసులవాళ్లవి. ఎత్తూ ఎక్కువ, వేగమూ ఎక్కువ.

మన అపార్ట్‌మెంట్ల సెల్లారు మొదటి అడుగులకు బాగానే ఉంటుంది, కింద షాబాద్ బండలు పరచకపోతే. బండకూ బండకూ మధ్య సందు వెడల్పుగా ఉంటే ముందు చక్రం అందులో దిగుతుంది, మనిషి ముందుకు పోతాడు.

రాణిగంజ్‌లో దొరికే స్కేట్ గుండె

చక్రం లోపలి బేరింగుకు ప్రపంచమంతా దాదాపు ఒకటే నంబరు, 608. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. చిన్న మోటార్లలో, కొన్నేళ్ల కిందట పిల్లలందరి చేతుల్లో తిరిగిన స్పిన్నర్లలో ఉండేదీ అదే. ఒక్కో చక్రంలో రెండు, కాలికి నాలుగు చక్రాలు, అంటే జతకు 16. జూన్‌లో వానలు మొదలయ్యాక తడి నేల మీద ఒకసారి తిరిగి, తుడవకుండా సంచీలో పడేస్తే తుప్పు పట్టి, చక్రం తిప్పగానే గరగరమంటుంది. స్కేట్ల దుకాణాల్లో ‘అబెక్ 7’, ‘అబెక్ 9’ అని పెట్టెల మీద ఊరిస్తారు. అది బేరింగు కొలతల ఖచ్చితత్వానికి ఇచ్చే గ్రేడు, మెల్లగా దొర్లే మనకు దానితో పెద్ద తేడా రాదు. బేరింగుల కోసం రాణిగంజ్ మెషినరీ షాపుల్లో అడిగి చూడండి. 608 అంటే చాలు, రెండు వైపులా రేకు మూతదా, రబ్బరు మూతదా అని అడుగుతారు. దుమ్ము, రంపపు పొట్టు ఉన్న వైపు నుంచి వస్తున్నారు కాబట్టి రబ్బరుదే తీసుకోండి.