డ్రిఫ్టింగ్‌కు పాత కారు: డిఫరెన్షియల్‌లో మార్పు

డిఫరెన్షియల్ ఎందుకు అవసరమో ముందటి భాగంలో చదివారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, అది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. డ్రిఫ్టింగ్‌లో ఈ సౌకర్యమే అడ్డవుతుంది.

1983లో జపాన్‌లో విడుదలైన టయోటా ఏఈ86 కారునే తీసుకోండి. ఇంజన్ 1,587 సీసీ. శక్తి వెనుక చక్రాలకు వెళ్తుంది. మలుపులో బరువు బయటి వైపుకు మళ్లి, లోపలి చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండింటికీ సమాన టార్క్ ఇస్తుంది గనుక, బయటి చక్రానికీ ఆ కొద్దిపాటి టార్కే అందుతుంది. కారు వెనుక భాగం జారుడులో నిలవదు.

ఇంట్లోనే మార్పులు చేసుకునేవారు చవకైన ఉపాయంగా లోపలి చిన్న గేర్లను వెల్డింగ్ చేసేస్తారు. చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. కారు జారుతుంది, నిజమే. కానీ గట్టిపరచిన ఉక్కు మీద వేసిన అతుకు పెళుసుగా ఉంటుంది. అది విరిగి, ముక్క గేర్ల మధ్య పడితే వెనుక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. తడి రోడ్డు మీద మామూలు మలుపులోనూ బండి తిరగబడినట్టు జారవచ్చు. అలాంటి కారును ట్రాక్ దాటించకూడదు. ఖర్చు ఎక్కువైనా, క్లచ్ పలకలున్న లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియలే మేలని నా అభిప్రాయం. ఇంజన్ భారం పెరిగితే పలకలు బిగుస్తాయి, తగ్గితే సడలుతాయి.

అభ్యాసం: ముందు చక్రాలతో నడిచే కారులో గేర్లను వెల్డింగ్ చేస్తే స్టీరింగ్ ఏమవుతుంది? మూడు వాక్యాల్లో రాయండి.