అంగడి చీటీ – కంప్యూటర్ పద్దు



కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న పిల్లలు ఇవాళ మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ప్రోగ్రాముకు బయటి నుంచి వచ్చే ఆదేశాలను లోపల ఏ రూపంలో ఉంచుకోవాలి? చిన్న ప్రశ్నే. కాని ఇక్కడ పొరపాటు పడితే ఉండవలసిన ఫైళ్లు కాస్తా మాయమైపోతాయి. ఈ విషయం గురించి ఈ పూట కాసేపు చెప్పుకుందాం.

మౌస్‌తో బొమ్మలు నొక్కకుండా, ఒకే వరుసలో మాటలు టైపు చేసి ప్రోగ్రామును నడిపే పద్ధతి ఒకటుంది. ఆ వరుసనే కమాండ్ లైన్ అంటారు. మొదట ప్రోగ్రాము పేరు, ఆ తరువాత దానికి చెప్పవలసిన మాటలు. ఈ మాటలు రెండు రకాలు. ఏ వస్తువు మీద పని చేయాలో చెప్పేవి ఆర్గ్యుమెంట్లు. ఆ పని ఎలా చేయాలో చెప్పేవి ఆప్షన్లు. ఆప్షన్ ముందు సాధారణంగా ఒకటో రెండో అడ్డగీతలు ఉంటాయి.

మన సరిహద్దు ఊళ్లలో చూసే సంగతే తీసుకుందాం. అమ్మ తెలుగులో చీటీ రాసి పిల్లవాణ్ణి అంగడికి పంపుతుంది. కందిపప్పు రెండు కిలోలు, బెల్లం ఒక కిలో. ఇవి ఆర్గ్యుమెంట్లు. కింద ‘ఖాతాలో రాయండి, సాయంత్రం ఇంటికి పంపండి’ అని ఉంటుంది. ఇవి ఆప్షన్లు. అంగడి లెక్కలేమో కన్నడంలోనో, తమిళంలోనో ఉంటాయి. గుమాస్తా చీటీని ఒక్కసారి చదివి, అనుమానముంటే అక్కడికక్కడే అడిగి, పద్దులో ఎక్కిస్తాడు. ఆ పైన తూకం వేసేవాడూ, మూట కట్టేవాడూ ఆ పద్దునే చూస్తారు. చీటీని చేతులు మార్చుకుంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకోరు.

ప్రోగ్రాములోనూ జరగవలసింది ఇదే. సీ భాషలో గాని, జావాలో గాని కమాండ్ లైన్ మాటలన్నీ వట్టి అక్షరాల వరుసలుగా, అంటే స్ట్రింగులుగా లోపలికి వస్తాయి. మనం 30 అని టైపు చేస్తే మనకది ముప్పై. ప్రోగ్రాముకు మాత్రం మూడు, సున్న అనే రెండు అక్షరాలు. దాన్ని సంఖ్యగా మార్చేదాకా అది చీటీయే, పద్దు కాదు.

ఒక ఉదాహరణ. పాత ఫైళ్లను ఏరివేసే ప్రోగ్రాము రాస్తున్నారనుకోండి. ఫోల్డరు పేరు ఆర్గ్యుమెంటు. ఎన్ని రోజులు దాటినవి అన్నది ఒక ఆప్షన్. నిజంగా తొలగించాలా, జాబితా చూపిస్తే చాలా అన్నది ఇంకొకటి. కొత్తగా నేర్చుకునేవారు, అవసరం వచ్చిన ప్రతిచోటా ఆ స్ట్రింగుల్లో వెతుక్కుంటూ పోతారు. పది చోట్ల వెతికితే పది చోట్లా సరిగ్గా రాయాలి. ఒకచోట అక్షరం తప్పితే, ఆ ఆప్షన్ ఇచ్చినా ఇవ్వనట్టే.

ఈ చిక్కు పాతదే. యూనిక్స్ లోకంలో గెట్‌ఆప్ట్ అనే సాధనం ఇందుకే పుట్టింది. 1985లో ఏటీ అండ్ టీ సంస్థ దాన్ని అందరూ వాడుకునేలా విడుదల చేసింది. అది ఆప్షన్లను ఒక్కొక్కటిగా విడదీసి ఇస్తుంది. వాటిని అర్థం చేసుకుని దాచుకోవడం మాత్రం రాసేవారి పనే.

ఆబ్జెక్టులతో ప్రోగ్రాము రాసే పద్ధతిలో ఈ పనిని మూడు భాగాలు చేస్తారు. మొదటిది ఆప్షన్ వివరం. దాని పేరేమిటి, విలువ సంఖ్యా, మాటా, ఇవ్వకపోతే ఏమనుకోవాలి, వాడేవారికి ఇచ్చే వివరణ ఏమిటి, ఇవన్నీ ఒకే ఆబ్జెక్టులో ఉంటాయి. రెండవది పార్సర్. అదే మన గుమాస్తా. వివరాలన్నీ దగ్గర పెట్టుకుని వరుసను చదువుతుంది. తప్పు కనబడితే పని మొదలుపెట్టకముందే ఆపేస్తుంది. మూడవది ఫలితం, అంటే పద్దు. పైథాన్ భాషలో 2010 నుంచి ఉన్న ఆర్గ్‌పార్స్‌లోనూ, జావా వారు వాడే కామన్స్ సీఎల్ఐలోనూ ఈ మూడు భాగాలూ కనిపిస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. సహాయం కోరినప్పుడు చూపే వివరణ ఆ ఆప్షన్ వివరాల నుంచే తయారవుతుంది. కాబట్టి కొత్త ఆప్షన్ చేర్చి, దాన్ని జాబితాలో రాయడం మరిచిపోయే ప్రమాదం తక్కువ.

ఆ ఫలితాన్ని మీరు సొంతంగా రాసుకున్న చిన్న క్లాసులోకి మార్చుకుంటే ఇంకా మంచిది. ఫోల్డరు, రోజులు, తొలగించాలా వద్దా, ఈ మూడే అందులో ఉంటాయి. రోజులు సున్నకు తగ్గకూడదన్న నియమం కూడా అక్కడే పెట్టవచ్చు. అసలు పని చేసే భాగానికి ఈ ఆబ్జెక్టునే అందించండి. అప్పుడు కమాండ్ లైన్ జోలికి పోకుండానే ఆ భాగాన్ని విడిగా పరీక్షించుకోవచ్చు.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదం సంగతి. ఆర్గ్‌పార్స్‌లో తొలగింపు ఆప్షన్‌కు రకం ‘బూల్’ అని రాస్తారు కొందరు. అవును, కాదు అనే రెండే విలువలు కదా అనుకుని. వాడేవారు వద్దనే ఉద్దేశంతో ‘ఫాల్స్’ అని టైపు చేస్తారు. పైథాన్ లెక్కలో ఖాళీ కాని స్ట్రింగు ఏదైనా ‘ట్రూ’ కిందే జమ. ఫాల్స్ అన్న మాటలో అయిదక్షరాలున్నాయి కదా! వద్దన్నది కాస్తా సరే అయి కూర్చుంటుంది, ఫైళ్లు పోతాయి. అందుకని ఇలాంటి ఆప్షన్‌కు విలువ అడగకండి. ‘స్టోర్ ట్రూ’ అనే పద్ధతి వాడండి. ఆప్షన్ పేరు కనబడితే అవును, కనబడకపోతే కాదు. అంతే.

ఇంకొక్క మాట. ఫైలు పేరే అడ్డగీతతో మొదలైతే పార్సర్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. అలాంటి పేరుకు ముందు రెండు అడ్డగీతలు మాత్రమే విడిగా టైపు చేయాలి. ఇక ఆప్షన్లు లేవు, మిగిలినవన్నీ ఆర్గ్యుమెంట్లే అని దాని అర్థం. మంచి పార్సర్లు ఈ ఆనవాయితీని పాటిస్తాయి.

ప్రోగ్రాములు రాసే మీ పిల్లలను ఈ రాత్రికి ఒక పని చేయమనండి. తమ ప్రోగ్రామును తెరిచి, కమాండ్ లైన్ స్ట్రింగులను ఎన్నిచోట్ల తడుముతున్నారో లెక్కపెట్టమనండి. ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటే, అంగట్లో చీటీ ఇంకా చేతులు మారుతూనే ఉందన్నమాట.