ఒక్క ప్రాణం... ఐదు చీటీలు

బీపీకి ఒక డాక్టరు. షుగరుకు ఇంకొకరు. మోకాళ్లకు ఎముకల డాక్టరు. గుండెకు, కంటికి మరో ఇద్దరు. డెబ్బై దాటిన అమ్మో నాన్నో ఉన్న ఇంట్లో ఫ్రిజ్ మీదో, దేవుడి గూటి పక్కనో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో ఐదారు చీటీలు, సగం వాడిన మాత్రల అట్టలు, ఎవరో ఎప్పుడో రాసిన దగ్గు మందు. చూసే డాక్టర్లు ఐదుగురున్నారు. ఆ ఐదు చీటీలనూ పక్కపక్కన పరిచి చదివేవారు మాత్రం ఒక్కరూ లేరు.

మన పెద్దవాళ్ల వైద్యంలో అసలు లోటు ఇదే. స్టెంటు వేసే ఆసుపత్రి జిల్లా కేంద్రంలోనే దొరుకుతోంది. మోకీలు మార్చే ఆసుపత్రి బస్టాండు పక్కనే బోర్డు పెట్టుకుంది. మనిషిని మొత్తంగా చూసే చోటే వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ వైద్యానికి జీరియాట్రిక్స్ అని పేరు. పసివాళ్లకు పిల్లల డాక్టరు కావాలని ఎవరూ మనకు చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్లకూ వాళ్ల డాక్టరు ఉండాలన్న సంగతే ఇంకా మన ఊళ్ల దాకా రాలేదు.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు. 2017-18లో 72 వేల మందికి పైగా పెద్దలను కలిసి చేసిన ‘లాసీ’ జాతీయ సర్వే ప్రకారం, అరవై దాటినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి ఒకటికి మించి దీర్ఘకాలిక జబ్బులున్నాయి. అంటే ఆ సంచి ఏ ఒక్క ఇంటిదో కాదు.

మందు తెచ్చిన జబ్బు, జబ్బు తెచ్చిన మందు

డెబ్బై ఆరేళ్ల ఒక తల్లిని ఊహించుకుందాం. బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. మంచి మందే, కోట్ల మంది వాడుతున్నదే. అయితే కొందరికి దానివల్ల చీలమండల దగ్గర వాపు వస్తుంది. కాళ్లు వాచాయని ఆమె ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లింది. మొదటి చీటీ ఇంట్లోనే ఉండిపోయింది. గుండెకో కిడ్నీకో సంబంధించిన నీరేమోనని ఆయన నీరు పోయే మాత్ర రాశారు. ఇక రాత్రి మూడుసార్లు బాత్రూముకు లేవాల్సి వస్తోంది. నిద్ర చెడింది. నిద్ర లేదని చెబితే అల్‌ప్రాజోలం వచ్చి చేరింది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ ఎప్పటి నుంచో ఉండనే ఉంది. అది బీపీని పెంచుతుంది, కిడ్నీల మీద భారం వేస్తుంది. బీపీ ఎక్కువుందని ఇంకో మాత్ర కలిసింది. ఒక తెల్లవారుజామున మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి బాత్రూము గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఈ కథలో తప్పు చేసిన డాక్టరు ఒక్కరూ లేరు. ఎవరి అవయవాన్ని వారు బాగానే చూశారు. ఆ తల్లికి జరిగిన అన్యాయం వాళ్ల మధ్య ఉన్న ఖాళీలో జరిగింది.

పెద్ద వయసు శరీరం మందును పుచ్చుకునే తీరు కూడా వేరు. కండ తగ్గుతుంది, కొవ్వు శాతం పెరుగుతుంది, కిడ్నీలు నెమ్మదిస్తాయి. బక్కపలచని ముసలమ్మకు క్రియాటినిన్ రిపోర్టు నార్మల్ అని వస్తుంది. కండ తక్కువ కాబట్టి ఆ అంకె తక్కువగా కనబడుతుందే తప్ప, కిడ్నీలు సగమే పనిచేస్తూ ఉండొచ్చు. నలభై ఏళ్లవారి మోతాదు ఆమెకు ఎక్కువవుతుంది. పెద్దవాళ్లకు ప్రమాదం తెచ్చే మందుల జాబితాను మార్క్ బీర్స్ అనే అమెరికన్ వైద్యుడు 1991లోనే తయారు చేశారు. దాన్ని నేటికీ సవరిస్తూ వాడుతున్నారు. ఒంట్లో చాలాసేపు నిలిచి ఉండే కొన్ని షుగరు మాత్రలు, నిద్ర మాత్రలు, మత్తు తెచ్చే జలుబు మందులు అందులో ఉన్నాయి. మన మందుల షాపుల్లో చీటీ లేకుండా చేతికొచ్చేవే వీటిలో చాలా.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే మందు పది కంపెనీల పేర్లతో దొరుకుతుంది. ఒక డాక్టరు ఒక పేరుతో, ఇంకొకరు వేరే పేరుతో రాస్తే, అదే మెట్‌ఫార్మిన్ షుగరు మాత్రను రెండు మందులనుకుని రెండూ వేసుకునేవారున్నారు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి కూడా గ్లిమిపిరైడ్ మాత్ర మానని అమ్మమ్మలున్నారు. రాత్రి నక్షత్రం చూసి తినే లోపల షుగరు పడిపోతుంది. రంజాన్ రోజాల్లోనూ ఇదే ప్రమాదం. ఉపవాసం ఉంటారా అని ముందే అడిగి, మాత్రల వేళలు మార్చి ఇచ్చే డాక్టరుంటే ఈ ముప్పు తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త: ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు ఆపొద్దు. కొన్ని మాత్రలు ఉన్నట్టుండి మానితే అదే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించడమూ వైద్యమే, అది డాక్టరు చేయాల్సిన పని.

మద్రాసు పెద్దాసుపత్రిలో వేసిన దారి

ఇలా పెద్దవాళ్లను మొత్తంగా చూసే వైద్యం ఇంగ్లండ్‌లో మొదలైంది. 1935లో లండన్ దగ్గరి వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి పక్కనే ఉన్న పేదల ఆశ్రమ వార్డులు అప్పగించారు. ఏడు వందలకు పైగా రోగులు, ఎక్కువమంది మంచానికే అంటుకుపోయిన ముసలివాళ్లు. మార్జొరీ వారెన్ అనే వైద్యురాలు ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించారు. చాలామందికి జబ్బు ఏమిటో కూడా ఎవరూ సరిగా చూడలేదని తేలింది. మంచాలు, వెలుతురు మార్చారు. లేపి కూర్చోబెట్టారు, నడిపించారు. ఇక లేవరనుకున్నవారిలో ఎందరో ఇంటికి వెళ్లారు. వృద్ధుల వైద్యం ఒక శాస్త్రంగా నిలబడింది అక్కడే.

మన దేశంలో ఆ దారి వేసింది డాక్టర్ వి.ఎస్. నటరాజన్. బ్రిటన్‌లో ఈ వైద్యం నేర్చి వచ్చి, 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో పెద్దవాళ్లకు ప్రత్యేక ఓపీ తెరిచారు. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో జీరియాట్రిక్స్‌లో ఎండీ కోర్సు మొదలైంది. 2012లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో చెన్నై గిండీలో 200 పడకలతో జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం ప్రారంభమైంది. నెల్లూరు, చిత్తూరు జిల్లాల జనానికి మద్రాసు పెద్దాసుపత్రి ఏనాటి నుంచో తెలుసు. అక్కడ దాదాపు అర్ధ శతాబ్దం కిందట తెరిచిన ఓపీ ఇవాళ్టికీ మన జిల్లాల్లో ఎక్కువచోట్ల కనిపించకపోవడం బాధ కలిగిస్తుంది.

కుర్చీలోంచి లేచి నడవండి

ఇంతకీ ఆ ఓపీలో ఏం చేస్తారు? పెద్ద మెషీన్లేవీ ఉండవు. మొదట సంచి బోర్లిస్తారు. ఏ మాత్ర ఎందుకు, ఎప్పటి నుంచి, ఇంకా అవసరమా అని ఒక్కొక్కటీ చూస్తారు. బీపీ పడుకోబెట్టి చూస్తారు, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూస్తారు. పై అంకె 20 పాయింట్లు, అంతకు మించి పడిపోతే ఆ మనిషి ఏదో ఒకరోజు కింద పడే ప్రమాదం ఉందని అర్థం. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమంటారు. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్త పడాలి. గడియారం తప్ప ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఇది.

తర్వాత వచ్చే ప్రశ్నలు మామూలు ఓపీలో ఎవరూ అడగనివి. పళ్లు ఉన్నాయా? నమలలేక మెత్తటి అన్నం, మజ్జిగతోనే పూట గడుపుతున్నారా? అలా అయితే మాంసకృత్తులు అందక కండ కరిగిపోతుంది. చెవులు వినిపిస్తున్నాయా? తుమ్మినప్పుడు మూత్రం పడుతోందా? ఈ మాట కొడుకు ముందు చెప్పలేక ఏళ్లుగా దాచుకున్న తల్లులు ఎందరో. పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, నీళ్లు తాగడం తగ్గిస్తారు. కారణం ఇంట్లో ఎవరికీ తెలియదు. భర్త పోయాక తిండి మీద ధ్యాస పోయిందా? డబ్బు లెక్క తప్పుతోందా?

చివరికి అన్నిటికంటే పెద్ద ప్రశ్న: “మీకు ఏది ముఖ్యం అమ్మా?” ఒకరికి రోజూ రామాలయం దాకా నడిచి వెళ్లడం ముఖ్యం. ఇంకొకరికి మనవరాలి పెళ్లి చూడటం. మరొకరు ఇక సూదులు వద్దు, నొప్పి లేకుండా చూడండి చాలు అంటారు. వైద్యం ఎంతవరకు వెళ్లాలో ఆ జవాబును బట్టి నిర్ణయిస్తారు. షుగరునే తీసుకోండి. ఆరోగ్యంగా తిరిగే పెద్దాయనకు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బిఎ1సి ఏడు, ఏడున్నర మధ్య ఉండాలని చూస్తారు. నాలుగైదు జబ్బులతో నీరసించినవారికి ఎనిమిది వరకూ ఫరవాలేదంటారు. ఆ స్థితిలో షుగరు పడిపోవడమే ఎక్కువ ప్రమాదం.

ఇలా చూడటం వల్ల ఫలితం ఉందా? ఉంది. ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ల మీద జరిగిన 29 అధ్యయనాలను, 13 వేలకు పైగా రోగుల వివరాలను 2017లో కలిపి పరిశీలించారు. ఈ తరహా పూర్తి పరీక్ష జరిగినవారు కొన్ని నెలల తర్వాత ప్రాణాలతో తమ ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువని తేలింది.

అది చాదస్తం కాదు

“వయసు మీద పడింది, ఏదో మాట్లాడుతుంటారు” అని మనం తేలిగ్గా అనేస్తాం. ఈ మాట ఎన్ని ప్రాణాల మీదికి తెచ్చిందో! మొన్నటి దాకా పేపరు చదివిన తాతయ్య రెండు రోజుల్లో మనిషిని పోల్చలేకపోతే, వేళ కాని వేళ ఎద్దుల్ని విప్పాలని లేస్తుంటే, అది వయసు తెచ్చిన మార్పు కాదు. ఒంట్లో ఏదో జబ్బు మొదలైంది. మూత్రంలో ఇన్ఫెక్షనో, నిమోనియానో, సోడియం పడిపోవడమో, కొత్తగా వేసిన మాత్రో. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు. గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి లేకుండా ఆయాసంతోనో, నీరసంతోనో బయటపడొచ్చు. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. రోజుల్లో వచ్చిన తికమకకు ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రేమతో చేసే ఇంకో పొరపాటు, మంచం దిగనివ్వకపోవడం. పది రోజులు మంచం మీదే ఉంచితే, ఏ జబ్బూ లేని పెద్దవాళ్ల కాళ్లలోనే కిలో దాకా కండ పోయిందని 2007లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. ఇక జబ్బు మనిషి సంగతి చెప్పేదేముంది! డాక్టరు వద్దంటే తప్ప లేపి కూర్చోబెట్టండి, చేయి పట్టి నడిపించండి.

విరిగాక డబ్బుంది, విరగకముందు లేదు

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి ఐదు లక్షల వరకూ వైద్యం అందుతోంది. మంచిదే. కానీ ఆయుష్మాన్ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. తుంటి విరిగితే ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది. విరగకుండా మందుల సంచి సరిచూసే అరగంటకు రాదు. బాత్రూములో పట్టుకునే కడ్డీకి రాదు. నడక నేర్పే ఫిజియోథెరపిస్టు ఇంటికి వస్తే ఆ ఖర్చు ఇవ్వదు. దీర్ఘకాలిక జబ్బుల వైద్యమంతా ఆసుపత్రి బయటే జరుగుతుంది. డబ్బు మాత్రం లోపలే ఉంది. ఇది మారాలి.

పొరుగువాళ్లు మార్చుకుంటున్నారు. తమిళనాడు 2021 ఆగస్టులో ‘మక్కళై తేడి మరుత్తువం’ పేరుతో బీపీ, షుగరు మాత్రలను గడప దగ్గరికే తీసుకెళ్లడం మొదలుపెట్టింది. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం తెచ్చింది. మంచం పట్టినవారి ఇంటికి పంచాయతీ తరఫున నర్సు వెళ్తుంది. మనకూ ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్‌ఎంలున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో పల్లెలకు వెళ్లే 104 వాహనాలున్నాయి. చేతులకు కొదవ లేదు. పెద్దవాళ్ల కోసమని ఆ చేతులకు శిక్షణ ఇవ్వడమే మిగిలింది. పిల్లలు హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉండి, గోదావరి జిల్లాల్లో ఇద్దరే మిగిలిన ఇళ్లకు ఆ నర్సు రాక మందుతో సమానం.

కాగితం మీద దారి ఇప్పటికే ఉంది. 2010-11లో కేంద్రం తెచ్చిన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం పీహెచ్‌సీలో వారానికోసారి పెద్దవాళ్ల క్లినిక్ నడవాలి. జిల్లా ఆసుపత్రిలో వారికోసం ఓపీ, పది పడకల వార్డు ఉండాలి. మీ పీహెచ్‌సీలో ఆ క్లినిక్ ఏ రోజున అని వెళ్లి అడగండి. లేదంటే మీ ఎమ్మెల్యేను అడగండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. ఈసారి అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు పాత చీటీలు, ఆయుర్వేదం పొడులు, షాపులో కొన్న నొప్పి బిళ్లలతో సహా సంచి మొత్తం తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. “వీటిలో ఏది అవసరం, ఏది అక్కర్లేదు డాక్టరుగారూ?” అని అడగండి. ఆ ప్రశ్న అడగడం మీ హక్కు.