గాలి లెక్క తెలిసిన పెద్దాయన
హోసూరు దగ్గర చిన్న రన్‌వే పక్కన తారసపడిన పాతతరం పైలట్

హోసూరు: ఇక్కడి నుంచి తళి వెళ్లే బస్సెక్కితే దారిలో బెళగొండపల్లి వస్తుంది. రోడ్డుకు కాస్త ఎడంగా, కంచె వెనుక దాదాపు 7 వేల అడుగుల రన్‌వే ఉంది. ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లలోనూ దాన్ని దగ్గరగా చూసింది కొద్దిమందే. తనేజా ఏరోస్పేస్ అనే ప్రైవేటు సంస్థది ఆ స్థలం. 1990లలో ఇటలీకి చెందిన పార్టెనావియా కంపెనీ సహకారంతో ఆరు సీట్లు, రెండింజిన్లు ఉండే పీ-68 విమానాలను ఇక్కడే తయారు చేశారు. బెంగళూరు నాల్ శాస్త్రవేత్తలు రూపొందించిన రెండు సీట్ల హంస కూడా ఇక్కడ తయారైనదే.

ఇలాంటి చిన్న రన్‌వేల చుట్టుపక్కల ఒక రకం మనుషులు కనిపిస్తుంటారు. చెప్పులేసుకుని, చేతిలో గొడుగో సంచో పట్టుకుని టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటారు. పింఛను తీసుకునే బడిపంతులే అనుకుంటాం. కాదు. ఆకాశంలో ఏదన్నా చప్పుడైతే అందరికన్నా ముందు తలెత్తేది వాళ్లే!

బెళగొండపల్లి దారిలో ఈ విలేకరికి తారసపడిన పెద్దాయనకు ఎనభై దాటాయి. పూర్వీకులు చిత్తూరు వైపు నుంచి వచ్చి తళి ప్రాంతంలో స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, ఆఫీసుల్లో తమిళం. పేరు రాయొద్దన్నారు. "పేరుతో ఏం పని అప్పా? చెప్పింది రాయి, చాలు" అని ఒక్కమాటలో తేల్చేశారు.

మాటలు మొదలైంది టీ పొయ్యి పొగతో. "ఆ పొగ చూసినావా? పడమరకి వంగి ఉండాది. అంటే గాలి తూరుపు నుంచి కొడతా ఉండాది. ఇప్పుడేదన్నా విమానం వస్తే పడమటి నుంచి వచ్చి, తూరుపుకి ముక్కు పెట్టి దిగుతాది" అన్నారు. పావుగంటలో ఒక చిన్న విమానం వచ్చింది. అచ్చం అట్లాగే దిగింది.

"ఎట్ల చెప్పినారు సార్?" అంటే నవ్వారు. గాలికి ఎదురుగా దిగితే నేలమీద వేగం తగ్గుతుంది, తక్కువ దూరంలో ఆగుతుంది. లేవడమూ అంతే. రేడియో లేని రోజుల్లో పొగ, చెరువు మీద అలలు, ఆరేసిన బట్టలు చూసే గాలి లెక్క కట్టేవాళ్లట. మేకలుంటే ఒకసారి రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో చప్పుడు చేస్తూ పోయి, తరిమి, చుట్టు తిరిగి వచ్చి దిగాల.

ఆయన విమానదళంలో చేరింది 1960ల మొదట్లో. నేర్చుకున్నది హెచ్‌టీ-2 మీద. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో వి.ఎం.ఘాటగే బృందం రూపొందించిన ఆ శిక్షణ విమానం 1951లో తొలిసారి ఎగిరింది. తరవాత ఆయన సరకు రవాణా విమానాల వైపు వెళ్లారు. డకోటా, ఆపైన ప్యాకెట్. ఈ తరానికి ప్యాకెట్ అంటే పాల ప్యాకెట్టే గుర్తొస్తుంది గానీ, అది అమెరికాలో తయారైన రెండింజిన్ల, రెండు తోకల పెద్ద విమానం. కొండల మీద పలచటి గాలిలో దాని ఇంజిన్ల బలం చాలక, వీపు మీద అదనంగా ఒక జెట్ ఇంజిన్ బిగించారు. 1962 జులైలో స్క్వాడ్రన్ లీడర్ సీకేఎస్ రాజె లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16 వేల అడుగులకు పైబడిన ఎత్తున, ప్యాకెట్ దింపారు. మన పెద్దాయన చేరేసరికి సీనియర్లు ఆ సంగతి కథలా చెప్పుకునేవాళ్లట. 1986లో ప్యాకెట్లకు సెలవిచ్చేశారు.

లేహ్‌కు పోయే విమానాలు పొద్దున్నే ఎందుకు పోతాయని అడిగితే, మనం కూర్చున్న బెంచీ నుంచే జవాబు మొదలుపెట్టారు. హోసూరు సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తు. ఎండెక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది. పొద్దున్నే నాలుగు గజాల్లో లేచేది మధ్యాహ్నం పది గజాలు పరుగెత్తాల అని ఆయన లెక్క. (గజాలు మాటవరసకే సుమా!) లేహ్ ఎత్తు పది వేల అడుగులు దాటింది. మధ్యాహ్నమైతే అక్కడ కొండగాలి కూడా తోడవుతుంది.

రిటైరయ్యాక కొన్నేళ్లు ఫ్లయింగ్ క్లబ్‌లో పిల్లలకు నేర్పారు. పుష్పక్ మీద. 1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ విమానమది. 90 గుర్రాల ఇంజిన్, పక్కపక్కన రెండు సీట్లు, రెక్కలకు బట్ట. తోక కింద చిన్న చక్రం. దిగాక కూడా కాళ్లతో పెడల్ అదుపు చేస్తుండాలి. లేదంటే బొంగరంలా గిర్రున తిరిగిపోతుంది. "దిగేసినామని చప్పట్లు కొట్టే పిల్లోళ్లని నేను తిట్టేవాణ్ని. ఇంజిన్ ఆపినాకే దిగినట్ల" అన్నారు.

బెంగళూరు జక్కూరులోనూ ఇలాంటి వారొకరు కనిపించారు. అక్కడి ప్రభుత్వ పైలట్ శిక్షణ పాఠశాల పాతది. ఉషా సుందరం 1949లో అక్కడే నేర్చుకుని పైలట్ అయ్యారు. 1952లో భర్త సుందరంతో కలిసి లండన్ నుంచి బొంబాయికి డవ్ విమానాన్ని 27 గంటల్లో తెచ్చారు. ఇప్పుడు బళ్లారి రోడ్డు ఫ్లైఓవర్ ఆ రన్‌వేను ఒక చివర ఇరుకు చేసింది. అక్కడ కలిసిన పెద్దాయన ఆ ఫ్లైఓవర్ వైపు చూశారే తప్ప పెద్దగా మాట్లాడలేదు.

ఇటు హోసూరులో మాత్రం మాటంతా పెద్ద విమానాశ్రయం గురించే. 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ అసెంబ్లీలో ప్రకటించారు. 2 వేల ఎకరాలు, ఏటా 3 కోట్ల ప్రయాణికులు. అయితే బెంగళూరు విమానాశ్రయంతో కేంద్రం కుదుర్చుకున్న ఒప్పందం అడ్డుంది. మైసూరు, హాసన్ మినహా 150 కిలోమీటర్ల లోపల 2033 దాకా కొత్తది రాకూడదు. గులాబీలు, టమోటాలు పండించే మన రైతులకు ఆ 2 వేల ఎకరాలు ఎవరివన్నదే బెంగ. టీ కొట్టులో వాళ్లు పెద్దాయన్నే అడుగుతున్నారు. "తాతా, వస్తుందా రాదా? నువ్వు విమానాలోడివి కద."

ఆయన జవాబు తప్పించారు. కాసేపాగి మాత్రం, "నాకు గాలి సంగతి తెలుసు, భూమి సంగతి మీకే తెలుసు. ఎవురు వచ్చి కొలిచినా కాగితం చూపించమనండి" అన్నారు.

సంచిలోంచి తీసి చూపించింది లాగ్‌బుక్. తేదీ, విమానం రకం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు.. పైలట్ ప్రతిసారీ సొంత చేత్తో రాసుకునే పద్దు. అట్ట ఊడింది. స్నేహితుల ఇళ్లలో కొన్నింటిని పాత పేపర్లతో కలిపి తూకానికి అమ్మేశారట. ఈయన మనవడు ఫోనులో ఒక్కో పేజీ ఫొటో తీస్తున్నాడు. సగం అయింది. ఇంగ్లిషు పొడి అక్షరాలు వాడికి అర్థం కావు గనక ఆదివారాలు తాత పక్కన కూర్చుని చెబుతాడు, వాడు తెలుగులో రాసుకుంటాడు.

చివరి పద్దు పుష్పక్‌ది. సమయం 25 నిమిషాలు. రిమార్కుల గడిలో ఏమీ రాయలేదు.