కంటికి కనబడని వేలముపాట

నెల్లూరు తీరమున పడవలు ఒడ్డు చేరగానే చేపలకు వేలముపాట సాగుట మనమెరిగినదే. సెల్‌ఫోనులో ప్రకటనలకుగల చోటును కూడ ఇట్లే వేలము వేయుచున్నారు. మనమొక పుట తెరచినంతనే మన ప్రాంతము, అభిరుచుల వివరములు ప్రకటనదారుల తరపున పాడు కంప్యూటర్లకు చేరును. సాధారణముగా హెచ్చుపాటదారుని ప్రకటన రెప్పపాటులో ప్రత్యక్షమగును.

రేవులో సరకు కంటికి కనబడును, ఇచ్చట కనబడదు. మోసమునకు తావిదియే. 2016లో బయల్పడిన 'మెథ్‌బాట్' వ్యవహారమున యంత్రములే చూపరులుగా నటించి ప్రకటనదారుల సొమ్మును హరించినవి. వంచకులు సైతము పాటలో చేరి దొంగ ప్రకటనలు చొప్పింతురు. పాట నెగ్గినంత మాత్రమున ప్రకటన సత్యము కానేరదు.

కావున సబ్సిడీ, ఋణము, రొయ్యపిల్లల పేరిట వచ్చు ప్రకటనలను నమ్మి సొమ్ము పంపకముందే సంబంధిత కార్యాలయమున విచారింపవలెను. మోసపోయినవారు తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఈ విషయమును పంచాయతీ సభ్యులు గ్రామసభలో ఎరుకపరతురని ఆశించుచున్నాము.