లిమో: కోసి అతికిన కారు

అమెరికాలో ‘లిమో’ అనగానే పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ అద్దెకు తెచ్చుకునే చాంతాడంత కారు గుర్తొస్తుంది. కానీ దాని అసలు పేరైన లిమోజిన్‌కు మొదట్లో పొడుగుతో పని లేదు. 1900 ప్రాంతంలో ఫ్రాన్సులో పుట్టిన ఆ బండిలో యజమానులు మూసిన గదిలో కూర్చునేవారు, డ్రైవరు మాత్రం ఆ గది బయట. మధ్యనున్న అడ్డుగోడే లిమోజిన్ గుర్తు. ఇప్పటికీ అద్దెకార్ల వ్యాపారంలో ఉన్నవాళ్లు డ్రైవరుతో వచ్చే మామూలు కారును కూడా లిమో అనేస్తారు.

పొడుగు 1928లో వచ్చి చేరింది. ఆర్కన్సా రాష్ట్రం ఫోర్ట్ స్మిత్‌లో ఆర్మ్‌బ్రస్టర్ అనే కంపెనీ కార్లను సాగదీయడం మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్లలో గ్లెన్ మిల్లర్, బెన్నీ గుడ్‌మన్ లాంటి సంగీతకారులు తమ బృందాలతో, వాద్యాలతో ఊరూరా తిరగడానికి ఇలాంటి బళ్లే వాడుకున్నారు.

సాగదీయడమంటే నిజంగా కోయడమే. చాలాకాలం ఈ పనికి ఎక్కువమంది ఎంచుకున్నది లింకన్ టౌన్ కార్. దాని బాడీ కింద విడిగా బలమైన ఛాసీ ఉండేది. రంపంతో కారును అడ్డంగా రెండు చేస్తారు. ముక్కల్ని ఎడంగా జరిపి మధ్యలో ఉక్కు దూలాలు వెల్డింగ్ చేస్తారు. 120 అంగుళాలు, అంటే పది అడుగులు పెంచడం మామూలే. ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు శక్తినందించే షాఫ్టును ఊరికే పొడిగిస్తే, వేగంగా తిరిగేటప్పుడు నడుమ దగ్గర ఊగిపోతుంది. అందుకే దాన్ని ముక్కలుగా చేసి మధ్యలో బేరింగు బిగిస్తారు. బ్రేకు గొట్టాలు, వైర్లు అన్నీ పొడిగించాలి. పెరిగిన బరువును మోయడానికి స్ప్రింగులు, ఆపడానికి బ్రేకులు గట్టివి వేయాలి.

నన్ను కలవరపెట్టేది ఇక్కడే. ఫ్యాక్టరీ గుద్దించి పరీక్షించింది కోయని కారును. పక్కనుంచి దెబ్బ తగిలితే కాచే స్తంభాలూ తలుపులూ కొత్తగా చేర్చిన భాగంలో అలాగే ఉంటాయన్న భరోసా లేదు.

2018 అక్టోబర్ 6న న్యూయార్క్ రాష్ట్రం స్కోహేరీలో, పుట్టినరోజు వేడుకకు బయల్దేరిన ఒక లిమోకు పల్లంలో బ్రేకులు పడలేదు. అది 2001 నాటి ఫోర్డ్ ఎక్స్‌కర్షన్‌ను సాగదీసిన బండి. లోపలున్న 18 మందీ, రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దరూ చనిపోయారు. బ్రేకుల సంరక్షణ సరిగా లేదని దర్యాప్తులో తేలింది. లిమోల్లో పక్కకు తిరిగిన సీట్లకూ బెల్టులుండేలా నిబంధనలు తేవాలని 2021లో అమెరికా చట్టం చేసింది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లికి లిమో మాట్లాడుకునే మనవాళ్లు బేరానికి ముందే మూడు సంగతులు అడగాలి: బండిని సాగదీసింది ఎవరు, బ్రేకుల తనిఖీ ఎప్పుడు జరిగింది, ప్రతి సీటుకూ బెల్టుందా.